హెల్మెట్ ఇస్తే సేఫ్టీ అయిపోయినట్టేనా?



సెలవులు రాగానే మనోళ్లు కొందరు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట వైపు బిల్డింగ్ పనులకు పోతరు. అక్కడ సేఫ్టీ అంటే చేతిలో ఒక హెల్మెట్ పెట్టుడే అనుకుంటరు. నా ఉద్దేశంలో హెల్మెట్ చివరి రక్షణ, మొదటిది కాదు.

లెక్క చూడండి. 30 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు పదో అంతస్తు నుంచి జారిన బోల్టు రెండున్నర సెకన్లలో కింద పడ్తది. అప్పటికి దాని వేగం గంటకు 85 కిలోమీటర్లు దాటుతది. "జరుగు" అని అరిచేలోపే అంతా అయిపోతది. అందుకే అసలు వస్తువే పడకుండా చూడాలి. పరంజా అంచుకు అడ్డుపలక, కింద వల, పనిముట్లకు తాడు కట్టాలి. క్రేన్ బరువు ఎత్తే చోట బారికేడ్, లారీ వెనక్కి వచ్చేటప్పుడు సైగ చేసే మనిషి ఉండాలి. ఇవన్నీ కాంట్రాక్టర్ చేయాల్సిన పనులు, కూలి మీద నెట్టేవి కావు.

2024 మే 7 రాత్రి బాచుపల్లిలో వానకు రిటైనింగ్ వాల్ కూలి కూలీల షెడ్ల మీద పడ్డది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికొచ్చినోళ్లు ఏడుగురు చనిపోయిండ్రు. అందులో ఒక చిన్న పిల్లవాడు. వాళ్లను ఏ హెల్మెట్ కాపాడేది? షెడ్లు గోడకు దూరంగా వేసుంటే బతికేటోళ్లు.

సైట్లో జాగ్రత్తలు హిందీలో చెప్తే అర్థం కాకున్నా తలూపే మనోళ్లు ఉంటరు. హిందీ వచ్చినోళ్లం మనమే కోయలో, గోండిలో, లంబాడీలో చెప్పాలె. పనికి దిగేముందు మూడు ప్రశ్నలు అడగమందాం: పైన ఏం పని నడుస్తుంది? క్రేన్ ఎటు తిరుగుతది? మా షెడ్డు ఏ గోడ పక్కన ఉంది?

జై ఆదివాసీ.