అతిథి మర్యాద మూకుడులోనే ఉన్నదా?

మా కోనసీమలో అతిథి గుమ్మం దాటి కూర్చున్నాడో లేదో, ఒక పళ్లెం ఎదురవుతుంది. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా అందులోనివి అవే: జంతికలు, చేగోడీలు, పొట్లం విప్పి పోసిన మిక్చర్, పక్కన ఒక మిఠాయి. దీనిని గోదావరి మర్యాద అంటున్నారు. నేను అనలేను. ఈ మాట అన్నందుకు బంధువులలో కొందరికి ఇప్పటికే నాపై కోపమున్నది. ఇది చదివి మిగిలినవారును చేరవచ్చును.

ఈ పట్టుదల నాకు ఊరకే రాలేదు. కొన్నేళ్ల క్రితం సంక్రాంతికి మా ఇంటికి ఒక పెద్దాయన వచ్చారు. గుండె బలహీనపడి, ఒంట్లో నీరు తగ్గే మాత్రలు వాడుతున్న మనిషి. "ఇంకొక్కటి తీసుకోండి, పండుగ కదా" అని బలవంతపెట్టినది మరెవరో కాదు, నేనే. ఆ రాత్రి ఆయన ఆయాసంతో పడుకోలేక లేచి కూర్చున్నారు. ఆసుపత్రిలో రెండు రోజులుండి కోలుకున్నారు. నా పళ్లెమొక్కటే కారణమని చెప్పను; ఆ పండుగ మూడు రోజులు తిన్నదంతా లెక్కలోనికి వస్తుంది. కాని రోగులందరికీ ఉప్పు తగ్గించమని చెప్పిన వైద్యుని ఇంటనే అది జరిగినది.

మన ఇళ్లలో నింద ఎప్పుడూ కారం మీద పడుతుంది. "కారం తింటే కడుపులో పుండు" అని నేనును చదువుకునే రోజుల్లో విన్నవాడనే. జీర్ణాశయంలో పుండ్లకు ముఖ్య కారణాలు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు. ఆ సూక్ష్మజీవి సంగతి తేల్చిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చినది. ఉన్న పుండును, గుండెమంటను కారం రేపవచ్చును, అట్టివారు మానవలసినదే. తక్కినవారికి అసలు శత్రువు ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికి 5 గ్రాములకు లోపు, అనగా ఒక చెంచాకు మించరాదన్నది. మిక్చర్ పొట్లం వెనుక సోడియం అంకె చూడండి. దానిని రెండున్నరతో హెచ్చించితే ఉప్పు తెలుస్తుంది. ఇక మరిగించినదే మరిగించిన నూనె సంగతి వేరే చెప్పాలా?

మరి ఏమి పెట్టాలి? పొయ్యి వెలిగించకుండానే మన పెరడు పళ్లెం నింపుతుంది. జామ ముక్కలు, కీరదోస, పంపర పనస తొనలు, నాలుగు కొబ్బరి ముక్కలు, వేసవిలో పచ్చి మామిడి. నడుమ ఒక గిన్నెలో వడపప్పు: రెండు గంటలు నానిన పెసరపప్పు, మామిడి కోరు, కొబ్బరి కోరు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి. పైన నిమ్మరసం, మిరియాల పొడి. పులుపూ ఘాటూ ఉన్నచోట ఉప్పు చిటికెడు చాలును. "కోసి పెడితే మర్యాదా? మేకలమా?" అని ఒక ఇల్లాలు నన్ను నిలదీసినది. అమ్మా, శ్రీరామనవమి నాడు రామునికి నివేదించే వడపప్పు మీ వియ్యంకునికి తక్కువైనదా?

పచ్చిదంతా మంచిదే అనేవారితోనూ నాకు తగవున్నది. వండనిదానిలో క్రిములను చంపే నిప్పు లేదు. నిమ్మరసం ఆ పని చేయదు. చేతులు, కత్తి, పలక సబ్బుతో కడగాలి. కాయలు మంచినీటితో కడిగిన పిమ్మటనే కోయాలి. పప్పు కాచి చల్లార్చిన నీటిలో నానాలి. అతిథి వచ్చిన తరువాతనే కోయండి. ఉదయం కోసి సాయంత్రం వరకు మూతపెట్టిన ముక్కలకంటె జంతికే నయం. గర్భిణులకు పచ్చి మొలకలు వద్దు. మూత్రపిండాల జబ్బున్నవారికి, మన ప్రాంతపు తొలి మర్యాదయైన కొబ్బరి బోండం కూడా వైద్యుని అడగకుండా ఇవ్వరాదు. అందులోని పొటాషియం వారి గుండెకు ముప్పు.

ఆ పెద్దాయన మొన్న మళ్లీ వచ్చారు. పళ్లెం ముందుకు జరిపి, ఏ మాత్రలు వాడుతున్నారని అడిగాను. కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్ పేరు చెప్పారు. పంపర పనస కొన్ని మందుల ప్రభావాన్ని పెంచుతుంది, ఇదీ అట్టిదే. తొనలు వెనక్కి తీసి జామ ముక్కలు పెట్టాను. "అప్పుడు వద్దన్నా పెట్టావు, ఇప్పుడు పెట్టి లాక్కుంటున్నావు" అని నవ్వి, కారం ఇంకొంచెం చల్లమన్నారు.