పేగు జబ్బు, భయం, మన హాస్టల్ లెట్రిన్లు

పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో జీవో నంబర్ 3 గురించి, డీఎస్సీ గురించి, స్కాలర్‌షిప్పులు పడకపోవడం గురించి చాలా రాసుకున్నాం. రాయాలి కూడా. కానీ లెట్రిన్ గురించి ఎవరం రాయం, సిగ్గు. ఈరోజు అదే రాస్తున్నాం. మేము పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చి విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నలుగురం. ఒకే గది. మాలో ఒకరికి రెండేళ్ళుగా అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు జబ్బు ఉంది. ఎవరికి అని అడక్కండి, అందుకే "మేము" అని రాస్తున్నాం. ఒకరికి వస్తే నలుగురి నిద్రా పోయింది, కాబట్టి అలా అనడం అబద్ధం కూడా కాదు.

ముందు ఆ జబ్బేంటో చెప్తాం. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. రోగాలతో పోరాడాల్సిన ఒంటి శక్తే తిరగబడి సొంత పేగు మీద పడుతుంది. రక్తం, జిగురు పడతాయి. ఎక్కువైనప్పుడు రోజుకి ఎనిమిది, పదిసార్లు వెళ్ళాలి. వస్తే ఆపుకోవడం కుదరదు. కొన్ని నెలలు తగ్గి ఉంటుంది, మళ్ళీ తిరగబెడుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. చాలామందికి మన వయసులోనే మొదలవుతుంది. మనవైపు దీన్ని మొలలు అనుకుంటారు, రక్త విరేచనాలు అనుకుంటారు, చిల్లంగి అనుకుంటారు. మాకు మూడూ అయ్యాయి. కొన్నాళ్ళు మొలల మందు, తర్వాత దిసారి దగ్గర కోడి, ఆఖరికి పెద్దాసుపత్రిలో పేగులోకి కెమెరా గొట్టం పంపి, చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే పేరు తెలిసింది. దిసారిని తప్పు పట్టట్లేదు. ఆయన కనీసం కూర్చోబెట్టి అరగంట మాట్లాడాడు. ఆసుపత్రి ఓపీలో మాకు దొరికేది మూడు నిమిషాలు. ఎన్నిసార్లు వెళ్తున్నావు, రక్తం పడుతోందా, బరువెంత. నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉంది అని రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

అడిగి ఉంటే చెప్పడానికి చాలా ఉంది. పాడేరు వెళ్ళే బస్సు ఎక్కాలంటే ముందురోజు మధ్యాహ్నం నుంచే అన్నం మానేయడం. చోడవరం దాటాక ఘాట్‌లో బస్సు ఎక్కడ ఆపుతారో, ఆపమంటే అందరూ ఎలా చూస్తారో అని రాత్రంతా లెక్కలు. అలా అలా ఊరికి వెళ్ళడమే తగ్గిపోయింది. పరీక్ష అంటే చదువు భయం కాదు, మూడు గంటలు కూర్చోవడం భయం. క్లాసులో ఎప్పుడూ తలుపు పక్క బెంచీ. మెస్‌లో అన్నం పెట్టుకుని, పప్పులో కారం చూసి, తినకుండా లేచిపోవడం. రక్తం పోతుంది కాబట్టి నీరసం, నీరసం వల్ల పడుకోవడం, పడుకుంటే "బద్ధకం" అని పేరు. జబ్బు ఎక్కువైనప్పుడు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. వాటికి ముఖం ఉబ్బుతుంది, కొందరికి నిద్ర పట్టదు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు వస్తుంది. అది మాత్ర గుణమని మాకు ఎవరూ చెప్పలేదు. పిచ్చి పడుతోందేమో అనుకున్నాం.

ఈ జబ్బున్నవాళ్ళలో ఆందోళన, డిప్రెషన్ మామూలు జనం కంటే ఎక్కువ. డాక్టర్లకు ఇది కొత్త సంగతేం కాదు. పేగుకీ మెదడుకీ నరాల దారి ఉంది, అటూ ఇటూ కబుర్లు నడుస్తాయి. పేగు వాస్తే మనసు కుంగుతుంది, మనసు కుంగితే పేగు బాధ ఇంకా పెరుగుతుంది. అలాగని "టెన్షన్ పడి తెచ్చుకున్నావు" అనకండి. టెన్షన్ వల్ల ఈ జబ్బు పుట్టదు. ఆ మాట విన్నోళ్ళకి రెండు జబ్బులకి తోడు తప్పు చేశామన్న బాధ మూడోది.

మనలాంటివాళ్ళకి ఇంకొకటుంది. ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి మనిషి మనమే. కాఫీ పళ్ళు అమ్మిన డబ్బులో అమ్మ దాచి ఇచ్చింది తెచ్చుకున్నాం. ఒంట్లో బాలేదని చెప్తే నాన్న ఒకటే అంటాడు, "వచ్చేయ్‌రా, బతికుంటే చాలు". ప్రేమతోనే అంటాడు. కానీ ఆ మాటకి భయపడి చెప్పడం మానేస్తాం. మా ఇంట్లో మాట్లాడుకునే భాషలో డిప్రెషన్‌కి మాట వెతికాం, దొరకలేదు. "మనసు బాలేదు" అంటే పెళ్ళి చేస్తే సరిపోద్ది అంటారు.

ఇప్పుడు అసలు మాట. ఒక కౌన్సెలింగ్ మేడం దగ్గరికి వెళ్ళాం. మంచావిడే. పాజిటివ్‌గా ఆలోచించండి, గట్టిగా గాలి పీల్చి వదలండి అన్నారు. మా ఫ్లోర్‌లో అరవైమందికి మూడు లెట్రిన్లు. ఒకదానికి గొళ్ళెం లేదు. ఉదయం ఏడున్నరకి నీళ్ళు అయిపోతాయి. మా గది కారిడార్‌కి ఈ చివర, లెట్రిన్లు ఆ చివర. రాత్రి బల్బు ఉండదు. ఈ భయాన్ని గాలి పీల్చి ఎలా వదలాలి? అది ఊహ కాదు కదా, నిజంగా జరిగేదే. ఇలాంటి చోట గొళ్ళెం బిగించడం, బల్బు పెట్టడం, దగ్గరి గది ఇవ్వడం కూడా మనసు వైద్యమే అని మా అభిప్రాయం. వార్డెన్ చేయగలిగిన వైద్యం.

అలాగని లెట్రిన్ బాగైతే అంతా బాగైపోద్ది అని కూడా మేము అనట్లేదు. మొన్న నాలుగు నెలలు జబ్బు పూర్తిగా తగ్గింది. రక్తం లేదు, రోజుకి రెండుసార్లే. అయినా భయం తగ్గలేదు. బస్సు చూస్తే కడుపులో అదే గుబులు, క్లాసుకి వెళ్ళబుద్ధి కాదు, ఎందుకు బతకడం అన్న ఆలోచన. అప్పుడు అర్థమైంది, ఇది పేగు మందుతో పోదు, దీనికి వేరే వైద్యం కావాలి. మాట్లాడి చేసే చికిత్స ఉంది, మాత్రలు ఉన్నాయి. మానసిక డాక్టర్ దగ్గరికి వెళ్తే పేగు మాత్రల చీటీ కూడా చూపించాలి.

"మన తాతలు కొండల్లో అడవికి వెళ్ళి బతికారు, మీకేంటి ఇంత సున్నితం" అని కామెంట్ వస్తుందని తెలుసు. నిజమే అన్నా. ఊళ్ళో కొండవాలు మొత్తం మనదే, ఎన్నిసార్లు వెళ్ళావని లెక్కపెట్టేవాడు లేడు. ఇక్కడ లెక్కపెడతారు, పేరు కూడా పెడతారు. మాకు పెట్టిన పేరు ఇక్కడ రాయం.

చట్టం సంగతి కూడా తెలుసుకున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, మానసిక రుగ్మత ఉంది, ఈ పేగు జబ్బు పేరు లేదు. కాబట్టి పరీక్షలో బయటికి వెళ్ళనివ్వండి, ఆ టైం కలపండి అని హక్కుగా అడగడానికి కాగితం చేతిలో ఉండదు. డాక్టర్ లెటర్ పట్టుకుని ప్రిన్సిపాల్ గారిని అడగాలి, అటెండెన్స్‌కి మెడికల్ సర్టిఫికెట్ అప్పటికప్పుడే ఇచ్చేయాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. ప్రభుత్వ వైద్యంలో మనసుకి చికిత్స పొందడం హక్కు, ఒంటి జబ్బుతో సమానంగా చూడాలి. టెలి మానస్ నంబర్ 14416. 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రైనా పగలైనా, తెలుగులో మాట్లాడతారు. ఊళ్ళో సిగ్నల్ దొరకని వాళ్ళు హాస్టల్లో ఉండగానే చేసుకోండి.

ఇది చదివేవాళ్ళలో రక్తం పడుతూ దాచుకుంటున్నవాళ్ళు ఉంటే, ఆసుపత్రికి వెళ్ళండి. మందు వాడుతున్నవాళ్ళు తగ్గిందని సొంతంగా మానేయకండి, స్టెరాయిడ్ అయితే అసలు ఒక్కసారిగా ఆపకూడదు. రూమ్మేట్లకి ఒకటే, ఎన్నిసార్లు వెళ్ళావని అడక్కండి, బకెట్ నింపి పెట్టండి. చావు మాట ఎత్తితే నవ్వులాటకి తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, అప్పుడే పై నంబర్‌కి ఫోన్ చేయించండి.

వార్డెన్ గారికి, ఐటీడీఏ పీఓ గారికి ఒక లెటర్ రాశాం. అడిగినవి నాలుగే. ప్రతి ఫ్లోర్‌లో గొళ్ళెం, బల్బు. నీళ్ళు పగలంతా. డాక్టర్ చీటీ ఉన్నవాళ్ళకి లెట్రిన్ పక్క గది, కారణం నోటీసు బోర్డు మీద పెట్టకుండా. నెలకొకసారి హాస్టల్‌కి మానసిక డాక్టర్. మీ హాస్టల్లో కూడా ఇదే పరిస్థితి అయితే ఎన్ని లెట్రిన్లు, ఎంతమంది అన్నది లెక్కపెట్టి మెసేజ్ పెట్టండి, అందులో కలుపుతాం. లెటర్ కాపీ రేపు సాయంత్రం గ్రూపులో పెడతాం.