నెలనెలా ఒక విహారము: ఆటపాక గట్టు



ఒక పూటలో పోయి రాదగినదియు, పిల్లలకు వేడుకయు పెద్దలకు శ్రమలేని నడకయు సమకూర్చునదియు నగు చోటేదైన తెలుపుడని మా పాఠకురాండ్రు పలువురు అడుగుచున్నారు. కొండలెక్కుట అందరికిని పొసగునది కాదు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి. ఆమె నడువగలిగిన చోటే మాకు విహారస్థలము. అట్టి చోటు ఏలూరు, తాడేపల్లిగూడెము, భీమవరము వారికి చేరువలోనే కలదు. అది కైకలూరు ప్రక్కనున్న ఆటపాక పక్షుల కేంద్రము.

మేము పోయినది మాఘమాసమున. తెల్లవారకముందే ఏలూరునుండి బయలుదేరితిమి. కైకలూరు రోడ్డు కొల్లేటి నడుమనుండియే పోవును. ఒక ప్రక్క గుఱ్ఱపుడెక్క కప్పిన నీరు, ఒక ప్రక్క చేపల చెరువుల గట్లు. పెదయెడ్లగాడి వంతెన దాటునప్పటికి తూర్పు తెల్లబడినది. రైలున వచ్చువారు గుడివాడ-భీమవరము మార్గమున కైకలూరులో దిగిన చాలును. అచ్చటినుండి ఆటపాకకు ఆటోలో కొద్ది నిమిషముల ప్రయాణము.

కొల్లేరనగా ఏమో పిల్లలకు ముందుగా చెప్పి తీసికొనిపోవుట మంచిది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెమువలె పల్లమైన నేల అది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీరు అందు చేరి, ఉప్పుటేటి దారిని సముద్రమున కలియును. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీటికిని గమ్యస్థానము ఈ కొల్లేరే. వానకాలమున నిండి, శీతకాలము గడచుకొలది నీరు తీయును. అట్లు లోతు తగ్గుటయే పక్షులకు పండుగ. చేప ముక్కునకు అందుబాటులోనికి వచ్చును. సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు రేఖకు లోపలనున్న 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో, అనగా ప్రపంచమంతయు కాపాడుకొనదగిన తడినేలల పట్టికలో, కొల్లేరు చేరినది. అభయారణ్యమను పేరు విని మా చిన్నవాడు పులులుండునా అని అడిగినాడు. అరణ్యమన్నది లేని అరణ్యమది. ఉన్నదంతయు నీరు, తుంగ, ఆకాశము.

గట్టుమీది బాట చదునుగానుండును. మా అత్తగారు చేతికఱ్ఱ సాయముతో, నడుమనడుమ నిలిచి, హాయిగా నడిచినారు. తొందరపడి నడిచినవారికి ఇచ్చట కనబడునది తక్కువ. నిలిచినప్పుడే ఆకులమీద పొడవైన వ్రేళ్ళు పరచి మునుగక నడచు తామరకోడి కనబడినది. మోడులమీద నీటికాకులు రెక్కలు విప్పి, మన ఇండ్లలో తడిచీరలు దండెమున వేసినట్లు, ఎండకు ఆరబెట్టుకొనుచున్నవి. గులాబి చాయ ఈకల ఎఱ్ఱకాళ్ళ కొంగలు గుంపుగా నిలిచినవి. ఇవన్నియు ఒక ఎత్తు, గూడబాతులొక్కటియు ఒక ఎత్తు.

గూడయనగా మన రైతులు కాలువనుండి చేనికి నీరు తోడు బుట్ట. ఈ పక్షి ముక్కు క్రింద వ్రేలాడు సంచి అచ్చముగా అట్టిదే. చేపను నీటితోకూడ తోడి, నీటిని వార్చి, చేపను మ్రింగును. ఎవరు పెట్టినారో గాని ఎంత చక్కని పేరు! రెక్కలు చాచినచో రెండున్నర గజముల మేర ఉండు ఈ భారీ పక్షి నీటిమీద దిగునప్పుడు చూడవలెను. పిల్లలు తల్లి సంచిలోనికి తలదూర్చి తిండి లాగికొనుట చూచి మా అత్తగారు, “ఇదేమి వడ్డనే అమ్మాయీ! తల్లి గొంతులోంచే లాక్కుంటున్నాయి” అని ముక్కున వ్రేలుంచుకొన్నారు.

ఇచ్చటనొక పొరపాటు దిద్దవలసియున్నది. ఏ పెద్ద పక్షిని చూచినను సైబీరియానుండి వచ్చినదనుట మనకు వాడుక. సూదితోక బాతులవంటివి చలికాలమున ఉత్తరదేశములనుండి వచ్చుట నిజమే. కాని ఆటపాకలో గూడు కట్టు ఈ బూడిదరంగు గూడబాతు మన దేశపు పక్షి. ఇచ్చటనే పుట్టి, నీటిని బట్టి ఊరూరు తిరుగును. పరదేశి చుట్టము కాదు, ఇంటి బిడ్డ.

అటవీశాఖవారి పడవనెక్కి గూళ్ళ సమీపమునకు పోతిమి. అచ్చట మావలన ఒక తప్పు జరిగినది. దాచనేల? గూళ్ళు దగ్గర కాగానే మా చిన్నవాడు సంతోషము పట్టలేక చప్పట్లు చరచినాడు. పదునైదు ఇరువది పక్షులు ఒక్కసారి లేచినవి. ఆ రెక్కల చప్పుడునకు మేమందరమును నవ్వితిమి. పడవ నడుపు పెద్దాయన మాత్రము నవ్వలేదు. “అమ్మగారూ, బాబును చప్పట్లు కొట్టనీయకండి. తల్లి లేస్తే పసిదానికి ఎండ తగులుతుంది. కాకి చూస్తూనే ఉంటుంది” అన్నాడు. చూతుము గదా, ఈకలు రాని పిల్లలు రెండు విడిచిన గూటిలో మెడలు వాల్చియున్నవి. పైకొమ్మనున్న కాకి ఒక గూడు దాటి దగ్గరకు వచ్చినది. ఆ తల్లి తిరిగివచ్చి వ్రాలువఱకు మాకు ఊపిరాడలేదు. పురిటిగదిలో ఎవరైన కేకవేసిన మనము ఊరకుందుమా?

ఈ పక్షులు ఒకసారి కొల్లేటిసీమను విడిచిపోయినవని తెలిసికొన్న పిమ్మట ఆ చప్పట్లు మాకు మరింత బరువైనవి. కేరళమునకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతులు కాపురముండుట చూచి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్రాసినారు. ఊరిలోని చెట్లమీదనే, మనుష్యుల నడుమనే అవి పిల్లలను పెంచెడివి. 1970 దశకము నడుమకు ఆ గూళ్ళు లేకుండపోయినవి. మరల కొల్లేటిలో అవి పిల్లలను లేపుచున్నవన్న మాట వినుటకు చాల ఏండ్లు పట్టినది. నేడు ఆటపాకలో నీటిలో నిలిచి ఎండిపోయిన చెట్లకు బదులుగా అటవీశాఖవారు ఇనుప మంచెలు నాటినారు. పక్షులు వానిమీదనే పుల్లలు పేర్చుకొనుచున్నవి. చూచుటకు అందముగా లేవు. అయినను అద్దె ఇంటిలోనైన కాపురము నిలిచినది.

కర్ణాటకమున కొక్కరె బెళ్ళూరను పల్లె కలదు. ఆ ఊరివారు గూడబాతులను పురిటికి పుట్టింటికి వచ్చు ఆడపడుచులుగా ఎంచుదురు. మా అత్తగారికి ఈ మాట చెప్పగా, “మరి మనం పుట్టింటివాళ్ళమై చప్పట్లు కొట్టామన్నమాట” అన్నారు.

పక్షుల కథ చెప్పి మనుష్యుల కథ విడుచుట న్యాయము కాదు. కొల్లేటి లంకలలో వేలాది కుటుంబములు చేపలతోనే బ్రదుకుచున్నవి. 2006లో ప్రభుత్వమువారు ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర అభయారణ్యములోని చేపల చెరువుల గట్లను పగులగొట్టించినప్పుడు, పెద్ద పెట్టుబడిదారులతోపాటు ఆ చెరువులలో కూలికి పోవు ఆడువారికిని పని పోయినది. తరువాత పలుచోట్ల చెరువులు మరల వెలసినవి. నీరు పారవలసిన దారిలో గట్టు వేయుట తప్పని మేమును అందుము. కాని లంకవారికి వేరు జీవనము చూపక ఆ మాటను వారిచే ఒప్పించుట కష్టము. తిరుగుదారిలో కొల్లేటికోట పెద్దింట్లమ్మవారిని దర్శించునప్పుడు ఆ లంకవారితో నాలుగు మాటలాడుడు. ఫాల్గుణమున అమ్మవారి జాతరకు పోవువారు రెండును ఒక్క ప్రయాణమున చూడవచ్చును.

ఇక పోదలచినవారికి కొన్ని మాటలు. కార్తికమునుండి ఫాల్గుణమువఱకు అనువైన కాలము. సూర్యోదయమునకే చేరుడు, పదిగంటలు దాటినచో గట్టుమీద నీడ దొరకదు. ఎఱ్ఱచీరలు, మెఱుపు జరీలు ఆ పూటకు పెట్టెలోనే ఉండనిండు. ఆకుపచ్చ, మట్టిరంగు నేతచీరలు మేలు. దుర్భిణి ఒకటున్న పిల్లలు వంతులు వేసికొని చూతురు, అదియొక ఆట. సెల్‌ఫోను మ్రోత ఆపివేయుడు. ఫొటోకొఱకు పడవను ఇంకను దగ్గరకు పోనిమ్మని బలవంతపెట్టకుడు; పడవవానికి నాలుగు రూపాయల ఆశ చూపి గూటిక్రిందికి పోయినవారిని మేము కన్నులార చూచితిమి. ఒడ్డున పక్షుల నమూనాలుంచిన గదిని ముందుగా చూపినచో, పిల్లలు నీటిమీద వానిని పేరుపేరున గుర్తింతురు.

పులిహోర, దద్దోజనము మూట కట్టుకొనిపోవుట మన ఆచారమే గదా! దానిని గట్టుమీద విప్పకుడు. మెతుకులు రాలినచోటికి కాకులు చేరును. చేరిన కాకులు మెతుకులతో ఆగవు. మేము కైకలూరు వచ్చి, స్టేషను ప్రక్కనున్న చెట్టు నీడలో విప్పి తింటిమి. ఒక్క కాకి వచ్చినది. మా చిన్నవాడు దానికి ఒక్క మెతుకైన వేయలేదు.