పెండ్లికి ముందు దండోరా యేల?

నిజాంపేటలోని యే మేడను జూచినను నేడు తెలుగునాడంతయు ఒక్కచోట గూడినట్లుండును. కర్నూలువారి గోడ కావల నల్లగొండవారు, వారి కెదుట శ్రీకాకుళమువారు కాపురముందురు. వీరి బిడ్డలు ఒకే పాఠశాలలో జదివి, ఒకే కార్యాలయములో పని జేయుదురు. అంతవఱకు కులము నెవ్వరు నడుగరు. పెండ్లిమాట వచ్చిన దినముననే యడుగుదురు. ఈ యాచారమును నిందించినవారు పెక్కురు గలరు. మే మిప్పుడు నిందింప బూనినది ఆచారమును గాదు, దానికి నేటికిని కావలి గాయుచున్న చట్టమును.

1872వ సంవత్సరపు వివాహచట్టము కులమతములు వేఱైన వధూవరులకు దారి చూపెను గాని, తాము హిందువులము గాము, మహమ్మదీయులము గాము, క్రైస్తవులము గామని చెప్పినవారికే ఆ దారి దొరకెను. వర్ణాంతర వివాహములు చెల్లవలెనని 1918లో విఠల్‌భాయి పటేలుగారు తెచ్చిన బిల్లు పూర్వాచారపరుల యెదిరింపుచే శాసనము కాలేదు. 1923లో హరిసింగ్ గౌరుగారి పూనికచే హిందువులు మతమును విడువకయే యట్లు పెండ్లాడ గలిగిరి. కాని పెండ్లాడినవాడు ఉమ్మడి కుటుంబమునుండి వేఱుపడినట్లే యెంచబడెను. హిందువులలో కులభేదముచేత వివాహము చెల్లకపోదని 1949లో శాసన మేర్పడెను. మన బిడ్డలు ఉద్యోగములకై పోవు అమెరికాలో, నల్లజాతి స్త్రీని పెండ్లాడిన తెల్లవానిని శిక్షించు వర్జీనియా చట్టమును అచ్చటి సుప్రీముకోర్టు 1967 జూను 12న గాని కొట్టివేయలేదు. పదునెనిమిదేండ్లు ముందుంటిమని మనము సంతసింపవచ్చును. కాని యా సంతోషము 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహచట్టమును దెఱచి చూచునంతవఱకే.

ఆ చట్టముక్రింద పెండ్లాడ గోరువారు ముందుగా రిజిస్ట్రారునకు విజ్ఞప్తి నీయవలెను. ఆయన దానిని కార్యాలయమున నలుగురికి గనబడుచోట నంటించును. ఆ పుస్తకమును ఎవ్వరైనను ఉచితముగా జూడవచ్చును. ముప్పది దినములలోపల ఎవ్వరైనను ఆక్షేపణ చెప్పవచ్చును. అంతేకాదు, వధూవరుల స్థిరనివాసము వేఱు జిల్లాయైనచో ఆ ప్రతి యచ్చటికిని బోయి యచ్చటి గోడ నెక్కును. నిజాంపేటకు వచ్చి తలదాచుకొన్న జంట వార్తను సర్కారే స్వంత ఖర్చుతో స్వగ్రామపు దిక్కునకు బంపుచున్నదన్నమాట! పరప్రభుత్వము 1872లో పదునాలుగు దినములు ఆపియుంచినవారిని స్వతంత్రభారతము ముప్పది దినములు ఆపుచున్నది. దీనిని సంస్కరణ మందుమా?

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలోను, 2022 మేలో సరూరునగరులోను, ఇష్టపడి పెండ్లాడినందుకు యువకులు చంపబడిరి. 2020 సెప్టెంబరులో మనకు కూతవేటు దూరముననున్న గచ్చిబౌలినుండి అట్టివా డొకడు ఎత్తుకొనిపోబడి హతుడయ్యెను. ఈ హత్యలకు విజ్ఞప్తి ప్రకటనయే కారణమని మే మనము. కాని యిట్టి పగలు గల దేశములో ఇంకను పెండ్లి కాని జంట పేరును, నెలవును గోడమీద నంటించుట యెట్టి వివేకము?

మోసమును, రెండవపెండ్లిని అరికట్టుటకే యీ ప్రకటన యని కొందఱందురు. హిందువు లిరువురు 1955వ సంవత్సరపు చట్టముక్రింద పెండ్లాడినచో ముందుగా ప్రకటన యక్కఱలేదు. అచ్చట లేని మోసభయము ఇచ్చట మాత్ర మేల? అసత్యప్రమాణము చేసినవానికిని, భార్య యుండగా మరల పెండ్లాడినవానికిని ఈ చట్టముననే శిక్ష గలదు. ఆ శిక్ష చాలనిచో దానినే పెంచవచ్చును.

పెద్దల యెఱుక లేని పెండ్లికి శకుంతల కష్టములే ఫలమని పండితులు మమ్ము హెచ్చరింతురు. మేమును ఆ నాటకమును బాలురకు బోధించినవారమే. దుష్యంతుడు మఱచిననాడు శకుంతలకు కొఱవడినది ముందటి దండోరా కాదు, వెనుకటి సాక్ష్యము. ఆ సాక్ష్యమున కీ చట్టము ముగ్గురు సాక్షులను, సంతకములను, ధ్రువపత్రమును ఏర్పఱచియే యున్నది. అవి యుండవలసినవే. పెండ్లికి తరువాతి పత్రము భార్యను గాపాడును. పెండ్లికి ముందటి ప్రకటన ఆమెను వెదకువానికి దోవ చూపును. రెంటిని ఒకటిగా దలచుటయే యిచ్చటి పొరపాటు.

ప్రకటింపవలెనా వలదా యనుటను వధూవరుల యిష్టమునకే విడువవలెనని అలహాబాదు హైకోర్టు 2021 జనవరిలో తీర్పు చెప్పెను. ఇరువురు యుక్తవయస్కులు సమ్మతించినచో కుటుంబముయొక్కగాని కులముయొక్కగాని యనుమతి యక్కఱలేదని సుప్రీముకోర్టు 2018 మార్చిలోనే పలికెను. అనుమతి యక్కఱలేనిచో ఆక్షేపణకు బిలుపేల? పార్లమెంటు ఆ ప్రకటనను, ఆ దారిబోయినవాని యాక్షేపణను చట్టమునుండి తీసివేయవలెను. 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున వితంతువివాహమును జరిపించినప్పుడు లోకము వారి కెదురు నిలిచెను, 1856వ సంవత్సరపు చట్టము వారి పక్షమున నిలిచెను. నేటి యువతీయువకులకును లోకము నెదిరించు ధైర్యము కొఱవడలేదు. చట్టము తమ పక్షమున నుండవలెనని మాత్రమే వారు కోరుచున్నారు. వారి తలిదండ్రుల తరమువారమైన మేమును వారితో గూడి దానినే కోరుచున్నాము.