బిల్లు కట్టలేని జబ్బు

సర్కారు దవాఖానా ఎలాగూ బాగుపడదు, మానసిక వైద్యాన్ని కూడా ప్రైవేటుకు అప్పగించి, పేదల ఖర్చు ప్రభుత్వం కట్టేస్తే పోలా? జూబ్లీహిల్స్‌లో చదువుకున్నవాళ్లు నలుగురు చేరినచోట ఈ మాట మామూలైపోయింది. అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. వాళ్లుండే రోడ్లలో కౌన్సెలింగ్ సెంటర్లు వెలిశాయి. 2015లో దీపికా పదుకోన్ తన డిప్రెషన్ గురించి బయటికొచ్చి మాట్లాడాక సినిమావాళ్లలో జంకూ తగ్గింది. సంతోషమే. కానీ సిట్టింగుకు వేలల్లో ఫీజు ఇవ్వగలిగినవాళ్లకు అందుతున్నదాన్ని చూసి ఊరందరికీ వైద్యం అందుతుందనుకోవడం దగ్గరే నా పేచీ.

ఫిలింనగర్ నుంచి చెక్‌పోస్టు దాటి కిందికి దిగితే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ఒక్క ఛాన్సు కోసం గది పంచుకుని ఏళ్లు గడిపే అసిస్టెంట్ డైరెక్టర్లు ఉండేది అక్కడ. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతనాల పెంపు అడిగి షూటింగులు ఆపేస్తే, బేరం తెగడానికి రెండు వారాలకు పైగా పట్టింది. అలాంటి కూలీ మీద బతికే కుర్రాడికి స్కిజోఫ్రెనియా వచ్చిందనుకుందాం. మొదట పని పోతుంది. తర్వాత గది. ఆ తర్వాత స్నేహితులు. వైద్యం అవసరం పెరిగేకొద్దీ దాన్ని కొనే శక్తి హరించుకుపోయే జబ్బు ఇది. పైగా కాలు విరిగినవాడికి విరిగిందని తెలుస్తుంది. గోడ అవతల నుంచి ఎవరో తిడుతున్నారని నమ్మే మనిషి చాలాసార్లు తనకు జబ్బుందనే ఒప్పుకోడు. తనంతట తాను రాని, తీసుకొచ్చినా డబ్బు కట్టలేని, మధ్యలో మందు మానేసే మనిషి కోసం ఏ వ్యాపారం కాచుకుని కూర్చుంటుంది?

ప్రభుత్వం కడుతుందిగా అంటారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మనకు ప్యాకేజీ లెక్క అలవాటైంది. ఆపరేషన్‌కు ఆ లెక్క కుదురుతుంది: చేరిన రోజుంది, డిశ్చార్జి రోజుంది, రేటుంది. మానసిక రోగానికి డిశ్చార్జి తర్వాతే అసలు పని మొదలవుతుంది. లిథియం వాడేవాళ్లకు మధ్యమధ్య రక్తపరీక్ష చేయాలి. నెల దాటినా ఓపీకి రాకపోతే ఎవరో ఇంటికెళ్లి తలుపు తట్టాలి. భయపడిపోయిన తల్లిని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇలా ఏళ్ల తరబడి. బెడ్‌కు బిల్లు వేయవచ్చు, తలుపు తట్టినందుకు ఎవరు వేస్తారు? ప్రైవేటు డాక్టర్ల మంచితనాన్ని నేను శంకించడం లేదు. వాళ్లలో ఉచితంగా చూసేవాళ్లూ ఉన్నారు. కానీ డబ్బు ఎటు ప్రవహిస్తే సంస్థ అటే నడుస్తుంది.

ఇక ఎర్రగడ్డ సర్కారు మానసిక వైద్యశాల. చెక్‌పోస్టులో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలు. ఎర్రగడ్డ డివిజన్ జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గంలోనిదే. అయినా ఈ పేరును మన కామెడీ సీన్లు దశాబ్దాలుగా తిట్టులా వాడుకున్నాయి. "వీణ్ని ఎర్రగడ్డకు పంపండి" తరహా డైలాగుకు హాలంతా నవ్వింది. ఆ నవ్వుల పుణ్యాన చికిత్సకు అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడే కుటుంబాలెన్నో. ఆసుపత్రి పరువు తీసిన పరిశ్రమ పక్కనే కూర్చుని, ఆ ఆసుపత్రి పనికిరాదని తీర్పు చెప్పడం చిత్రంగా ఉంది.

లోపాలు లేవా? ఉన్నాయి. 2025 జూన్‌లో అక్కడ తిండి వికటించి పదులకొద్దీ రోగులు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. సర్కారు వైఫల్యానికి ఇదే రుజువన్నారు చాలామంది. ఆ భోజనం వండిపెట్టింది కాంట్రాక్టరు. ప్రభుత్వం చేసిన తప్పు, బాధ్యతను టెండరుకు అప్పజెప్పి సరిగా చూసుకోకపోవడం. మొత్తం ఆసుపత్రినే టెండరుకు పెడితే ఆ తప్పు సరిదిద్దినట్టా, పెద్దది చేసినట్టా?

మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం జబ్బునుబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇదీ సర్కారు ఖాతాలోనే వేస్తారు. 1996 నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, చాలినంత డబ్బూ మనుషులూ మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. మేత వేయకుండా ఎద్దు దున్నడం లేదని సంతకు తోలడం లాంటి వాదన ఇది.

ప్రభుత్వం సొంత మంచాలు వదులుకుని బిల్లులు మాత్రమే కట్టే స్థితికి చేరితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూసింది. గౌటెంగ్ ప్రావిన్సులో మానసిక రోగులను ఏళ్ల తరబడి లైఫ్ ఎసిడిమెనీ అనే ప్రైవేటు సంస్థ దగ్గర కాంట్రాక్టు మీద ఉంచారు. ఖర్చు తగ్గించాలని 2015లో ఆ ఒప్పందం రద్దు చేసి, మరుసటి ఏడాది వాళ్లలో ఎక్కువమందిని వసతులు లేని స్వచ్ఛంద సంస్థలకు తరలించారు. 144 మంది చనిపోయారు. అంత దూరం ఎందుకు, తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసిన రోగులు కదల్లేకపోయారు. పోయిన ప్రాణాలు 28.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవలను ప్రతి మనిషికీ హక్కుగా ఇచ్చింది. జిల్లాలో అవి లేకపోతే బయటి ఖర్చు ప్రభుత్వమే భరించాలంది. ప్రైవేటువాదులు ఈ రెండో మాటే పట్టుకుంటారు. అది సేవలు ఏర్పడేదాకా ఉన్న తాత్కాలిక ఏర్పాటు. అదే చట్టం, మతి తప్పి రోడ్డున తిరిగే మనిషిని పోలీసులు 24 గంటల్లో దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలని చెబుతోంది. ఆ కేంద్రాన్ని అమ్ముకున్నాక ఎక్కడికి చేరుస్తారు?

సినిమా పెద్దలు 2020 లాక్‌డౌన్‌లో చిరంజీవి ముందుండి నడిపిన నిధితో కార్మికుల ఇళ్లకు సరుకులు పంపారు. ఈసారి సరుకులు వద్దు. కృష్ణానగర్, యూసఫ్‌గూడ బస్తీ దవాఖానాల్లో వారానికి రెండు రోజులైనా సైకియాట్రిస్టును కూర్చోబెట్టమని ఫిలిం ఛాంబర్ తరఫున ప్రభుత్వాన్ని అడగండి. ఎర్రగడ్డలో వంట, శుభ్రత కాంట్రాక్టర్ల నుంచి వెనక్కి తీసుకుని శాశ్వత ఉద్యోగులను వేయమనండి. వచ్చే స్క్రిప్టులో ఆ పాత జోకు కనిపిస్తే కొట్టేయండి.