తలక్రిందులుగా పిన్ని

ఈ వారం నా పొరపాటొకటి మీ ముందు ఒప్పుకుంటున్నాను. దానివల్ల మీలో ఒక్కరి ఫిల్మయినా దక్కితే నా పరువు పోయినా ఫరవాలేదు.

రాజమండ్రిలో మా బాబాయికి ఫొటో స్టూడియో ఉండేది. ఆయన పోయాక ఆయన చెక్క కెమేరాని పిన్ని నాకిచ్చింది. 4 అంగుళాలకి 5 అంగుళాల ఫిల్ము పట్టే పెద్ద కెమేరా. "అటకమీద పారెయ్యకురా" అంది. పారెయ్యలేదు. పోయిన సంక్రాంతికి దాన్ని వాళ్ళింటికే మోసుకుపోయాను. వేసవిలో ఆ ఇల్లు అమ్మేసి, పిన్ని బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ వసారాలో, ఆ పడక్కుర్చీలో ఆవిడ ఫొటో ఒకటి తీసి దాచుకోవాలని నా ఆశ.

ఈ కెమేరా సంగతి తెలియనివారికి రెండు మాటలు. దీని వెనకవైపు, ఒక పక్క గరుకు చేసిన గాజుపలక ఉంటుంది. లెన్సులోంచి వచ్చే బొమ్మ దానిమీద పడుతుంది, తలక్రిందులుగా, కుడియెడమలు మారి. అది స్పష్టంగా కనబడేదాకా బెల్లోసు ముందుకీ వెనక్కీ జరిపి, తర్వాత పలక స్థానంలో ఫిల్ము పెట్టి తియ్యాలి. తీసే క్షణంలో మనకేమీ కనబడదు. చూడవలసిందంతా ముందే చూసుకోవాలి.

నేను భుజంమీది కండువా తలమీద కప్పుకుని, వట్టి కళ్ళతో చూసి, భేషుగ్గా ఉందనుకుని తీసేశాను. కడిగి చూద్దును గదా, వెనకనున్న తులసికోటలో ఆకులు లెక్కపెట్టవచ్చు. పిన్ని మొహం మాత్రం పొగమంచులో ఉన్నట్టుంది!

అప్పుడు బుద్ధి వచ్చి, ఏ సాధనం దేనికో తెలుసుకున్నాను.

మొదటిది భూతద్దం. ఎంత పెద్దది చేసి చూపిస్తే అంత మంచిదని నా భ్రమ. దుకాణంలో 10 రెట్లది పెట్టి చూస్తే బొమ్మకి బదులు గాజు గరుకే ఇసుకలా కనబడింది. 4 నుంచి 6 రెట్లది చాలు. కంటివైపు అద్దం తిప్పి సరిచేసుకునే వీలున్నది కొనండి. ఎందుకంటే పలక గరుకు లెన్సువైపు ఉంటుంది, భూతద్దం ఇవతలి నున్నటి వైపు ఆనుతుంది. మధ్యనున్న గాజు మందం దాటి ఆ గరుకు స్పష్టంగా కనబడేట్టు ముందే తిప్పి పెట్టుకోవాలి. మూలలు చూసేటప్పుడు కాస్త వంచి చూడాలి కనుక, సన్నని పొడుగాటి గొట్టం ఉన్నది సుఖం.

రెండోది ఫ్రెనెల్ పలక. వలయాలు చెక్కిన ఈ పల్చని ప్లాస్టిక్ రేకు చీకటి మూలలకి వెలుగు తెస్తుంది. కాని జాగ్రత్త! గాజుకి కంటివైపు పెడితే పేచీ లేదు. దానికోసం అమర్చని కెమేరాలో లెన్సువైపు దూర్చారా, రేకు మందంలో ఇంచుమించు మూడోవంతు ఫోకసు తప్పుతుంది. కంటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, ఫిల్ముమీద బండారం బయటపడుతుంది.

మూడోది వాలుటద్దం బిగించిన చూపుగొట్టం. బొమ్మని నిటారుగా నిలబెడుతుంది గాని కుడియెడమలు మాత్రం మార్చదు. బరువూ ఎక్కువే, ఖరీదూ ఎక్కువే. నేను మానేశాను. దానికి బదులు +3 పవరు చదువుకునే కళ్ళజోడు పెట్టుకుంటే, దూరపు చూపు బాగున్నవారికి 13 అంగుళాల దూరంనుంచి పలకంతా ఒక్కసారే తేటగా కనబడుతుంది. కూర్పు చూసుకోవడానికి కళ్ళజోడు, ఫోకసుకి భూతద్దం.

ఇక నాలుగోది నల్లగుడ్డ. లోపల నలుపు, పైన తెలుపు ఉండాలి. నలుపు వెలుగుని మింగుతుంది, తెలుపు ఎండకి తల మాడకుండా కాస్తుంది. ఉగాదికి మళ్ళీ వెళ్ళి, ఈ గుడ్డ ఎక్కడ కుట్టించాలా అని గొణుక్కుంటుంటే, పిన్ని లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఒక మడత తెచ్చి ఒళ్ళో పడేసింది. బాబాయికి తన చేత్తో కుట్టిచ్చిన గుడ్డ! అంచులు బరువుగా ఉన్నాయేమిటా అని తడిమి చూశాను. గాలికి ఎగరకుండా మడతలో చిల్లుకానులు పెట్టి కుట్టింది.

"సంక్రాంతికే ఇచ్చేదాన్ని గదరా! నువ్వడిగితేనా?" అంది.

ఈసారి లెన్సు కన్నం పూర్తిగా తెరిచి, భూతద్దాన్ని పిన్ని కంటిరెప్పమీద నిలిపి ఫోకసు చేశాను. తర్వాత f/16కి తగ్గించాను.

"తలక్రిందులుగా ఉన్నానా?" అంది కుర్చీలోంచి.

"ఉన్నావు పిన్నీ."

"మీ బాబాయికి ముప్ఫయ్యేళ్ళు అలాగే కనబడ్డాను. కదలకుండా కూర్చోడం నాకు నేర్పకు."

ఫొటో అయ్యాక తనూ చూస్తానంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డలో తల దూర్చింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"ఏం పిన్నీ, నేను కనబడటం లేదా?"

"నిన్నెవడు చూస్తున్నాడురా?" అంది లోపల్నుంచే. "గుడ్డకి హైపో వాసన ఇంకా పోలేదు."

ఫొటో బాగా వచ్చింది. ముడతలతో సహా ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయి. ఖర్చంతా కలిపి ఒక్క భూతద్దానికే. మీరు కూడా ఏదైనా కొనబోయే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టెలు ఒకసారి వెతికించండి. గుడ్డని మాత్రం నేనింతవరకూ ఉతకలేదు.