గురి తుపాకీలో ఉన్నదా, చేతిలో ఉన్నదా?

జాతరలకు, ఎగ్జిబిషన్లకు వెళ్ళినవారికి బుడగల దుకాణం కొత్త కాదు. పలకకు రంగురంగుల బుడగలు కట్టి, చేతికొక ఎయిర్ గన్ ఇచ్చి, నాలుగడుగుల దూరం నుంచి కొట్టమంటారు. బుడగ పగిలితే అది మన నైపుణ్యం. పగలకపోతే తుపాకీ వంకర! "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత ఇంత చక్కగా అమరే చోటు మరొకటి ఉండదేమో. అయితే ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడు కావచ్చును గదా! ఆ సంగతి తేల్చుకొనే మార్గమేది? ఈ చిన్న వ్యాసంలో నేను చర్చించదలచినది ఆ ప్రశ్ననే.

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా మేనమామగారు వాడి విడిచిన చౌక స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఒకటి నాకు లభించింది. పది మీటర్ల దూరాన కాగితం నిలిపి పది ఛర్రాలు కొడితే, అవి అరచేయంత మేర చెదిరిపోయేవి. ఖరీదైన తుపాకీ కొనే స్తోమత లేనివారికి ఈ విద్య అబ్బదని నిశ్చయించుకొని దానిని అటకెక్కించాను. రెండేళ్ళ తరువాత దుమ్ము దులిపి చూస్తే, చెక్కను ఇనుప భాగానికి బిగించే మరలలో ఒకటి వదులై కనిపించింది. దానిని బిగించడానికి అయిన ఖర్చు శూన్యం. నేను పోగొట్టుకున్న రెండేళ్ళకు మాత్రం వెల కట్టలేను. ఇది నా ఒక్కడి కథ కాదనే భావంతోనే కలం పట్టాను.

స్ప్రింగ్ రైఫిల్ స్వభావం మామూలు తుపాకీ స్వభావం కాదు. గొట్టాన్ని వంచినప్పుడు లోపల ఉన్న బలమైన స్ప్రింగ్ ముడుచుకొని, పిస్టన్ వెనుక నిలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని అదుముతుంది. ఆ గాలి ఛర్రాను తోస్తుంది. పిస్టన్ ముందుకు పోతున్నప్పుడు తుపాకీ వెనుకకు కదులుతుంది. పిస్టన్ చివరకు చేరి ఆగినప్పుడు తుపాకీ ముందుకు ఊగుతుంది. ఈ కదలిక మొదలయ్యే నాటికి ఛర్రా ఇంకా గొట్టంలోనే ఉంటుంది. కనుక తుపాకీ ప్రతిసారీ ఒకే విధంగా కదిలితేనే ఛర్రాలన్నీ ఒకే చోటికి చేరుతాయి.

ఈ రహస్యం తెలియక మనలో చాలామంది తుపాకీని ఉడుంపట్టు పడతారు. బిగించిన కొద్దీ గురి కుదురుతుందని నమ్మకం. కాని చేతి బిగువు ప్రతిసారీ ఒకేలా ఉండదు. అది మారినప్పుడల్లా దెబ్బ మారుతుంది. ఎడమ అరచేతిని తెరిచి, దానిపై తుపాకీని ఊరక ఆనించాలి. బట్‌ను భుజానికి మృదువుగా తాకించాలి. చేయి ఉంచే చోటును చెక్కపై చిన్న గుర్తుతో నిర్ణయించుకొని ప్రతిసారీ అక్కడే ఉంచాలి. గట్టి బల్లపై గాని, రాతిపై గాని తుపాకీని నేరుగా ఆనిస్తే అది ఎగిరిపడి గురి తప్పుతుంది. కొట్టిన తరువాత కూడా ఒక్క క్షణం కదలక, గురి చూపులోనే నిలిచి ఉండాలి.

ఇక యంత్రం సంగతి. మొదట మరలన్నిటినీ పరీక్షించాలి. ప్రతి దెబ్బ అదురుకూ అవి కొంచెం కొంచెంగా వదులవుతుంటాయి. గొట్టం వంగే కీలు ఆడుతున్నదేమో చూడాలి. గొట్టం మూసుకొనే చోట పలుచని కాగితపు ముక్క ఉంచి ఒక దెబ్బ కొట్టినప్పుడు ఆ కాగితం ఎగిరితే, అక్కడి సీలు పాడై గాలి కారుతున్నదన్నమాట. సీలు మార్పించడం పెద్ద పని కాదు. గొట్టం లోపల పేరుకొన్న సీసపు మురికిని మెత్తని గుడ్డతో తుడవాలి.

ఛర్రాల విషయంలో మన నిర్లక్ష్యానికి అంతు లేదు. నడుము సన్నగా, వెనుక భాగం గంటవలె విచ్చుకొని ఉండే ఆ సీసపు ముక్క ఎంతో మెత్తనిది. జేబులో వేసుకొని తిరిగితే దాని అంచు నొక్కుకుపోతుంది; అటువంటి ఛర్రా నిటారుగా పోదు. ఏ తుపాకీకి ఏ రకం ఛర్రా నప్పుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. రెండు మూడు రకాలు తెచ్చి, ఒక్కొక్కదానితో పది దెబ్బలు కొట్టి, ఏది దగ్గర దగ్గరగా పడితే దానినే వాడుకోవాలి.

చూపును గురించి ఒక చిన్న లెక్క చెబుతాను. బ్యాక్ సైట్‌కు, ఫోర్ సైట్‌కు మధ్య దూరం 50 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోర్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే, పది మీటర్ల దూరాన దెబ్బ 20 మిల్లీమీటర్లు తప్పుతుంది. అందుచేత కన్ను ఫోర్ సైట్‌పైనే నిలవాలి. లక్ష్యం కొంచెం మసకగా కనిపించినా బాధ లేదు.

అన్నిటికన్న ముఖ్యమైనది పరీక్షా పద్ధతి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేసిన మార్పును, పడిన పది దెబ్బల వెడల్పును నోటుపుస్తకంలో రాసుకోవాలి. నాలుగు మార్పులు ఒక్కసారే చేసినవాడికి లాభం కలిగినా కారణం తెలియదు, నష్టం కలిగినా కారణం తెలియదు. మన ప్రయోగశాలలో అధ్యాపకులు బోధించే పద్ధతి ఇదే కదా! నా పాత తుపాకీ దెబ్బలు ఈనాడు రూపాయి బిళ్ల కింద దాగిపోతున్నవంటే అది ఈ నోటుపుస్తకం చలవే.

చేయకూడని పనులు కూడా కొన్ని ఉన్నాయి. బలం పెరుగుతుందని పిస్టన్ గదిలో నూనె పోస్తే, అదిమిన గాలి వేడికి అది మండి సీలును పాడు చేస్తుంది, దెబ్బలను చెదరగొడుతుంది. ఛర్రా లేకుండా ఊరక కొడితే పిస్టన్ దెబ్బతింటుంది. ముడుచుకున్న స్ప్రింగ్‌ను తగిన సాధనం లేకుండా విప్పబోతే ప్రాణాపాయం. ట్రిగ్గర్‌ను ఆకురాయితో అరగదీసి తేలిక చేయడం మరీ ప్రమాదం.

"ఎంత చెప్పినా ఖరీదైనది ఖరీదైనదే" అని కొందరు ఆక్షేపించవచ్చును. అది నిజమే. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్‌లో ప్రవేశించిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పదో వలయం చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. 2008లో బీజింగ్‌లో స్వర్ణం సాధించిన అభినవ్ బింద్రా గాని, 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదు గగన్ నారంగ్ గాని చౌక తుపాకీతో అక్కడ నిలబడలేదు. ఆ స్థాయి పోటీకి సంపీడిత వాయువుతో పనిచేసే, అదురు లేని రైఫిల్ అవసరం. కాని అక్కడికి చేర్చే నిలకడ, ఊపిరి అదుపు, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కే ఓర్పు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకవు. అదిరే తుపాకీతో నేర్చినవాడికి అదరని తుపాకీ వరమవుతుంది. అదరనిదానితోనే మొదలుపెట్టినవాడికి తన లోపాలు త్వరగా కనిపించవు.

కనుక నా విన్నపం ఇది. ప్రతి కళాశాలా ఒకటి రెండు చౌక ఎయిర్ రైఫిళ్ళు సంపాదించి, పది మీటర్ల గది ఒకటి కేటాయించి, ఛర్రాలను ఆపే గట్టి పెట్టె అమర్చి, అధ్యాపకుని పర్యవేక్షణలో వారానికొక గంట అభ్యాసం జరిపించాలి. కళ్ళకు అద్దాలు, సీసం ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకోవడం, ఎవరివైపూ గొట్టం తిప్పకపోవడం — ఇవి తప్పనిసరి నియమాలు. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం గొట్టం 0.177 అంగుళాన్ని, శక్తి 20 జౌళ్ళను మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు లేదు కదా అని చెట్టుమీది పక్షిని గురిచూడడం మాత్రం విద్యార్థికి తగదు. మన గురి కాగితమే.

ఉర్దూలో "నిషాన్" అంటే గుర్తు, "నిషానా" అంటే గురి. రెండు మాటలూ ఒకే మూలం నుంచి పుట్టినవి. కాగితంపై పడిన గుర్తును చూసి గురిని దిద్దుకోవడమే ఈ విద్య సారాంశం. పేదరికం వల్ల ఈ విద్య తనకు అందదని తుపాకీని అటకెక్కించిన మిత్రుడు మీలో ఎవరైనా ఉంటే, ఈ సాయంత్రమే దానిని కిందికి దించండి. ముందుగా మరలు చూడండి. తరువాత చేతిని చూసుకోండి. మద్దెల ఓడో కాదో ఆ మీదట తేలుతుంది.